చేను చెడగొట్టి విత్తాలా, పోగుంటలు నింపాలా: ఓడుతున్న బాస్కెట్‌బాల్ జట్టుకు ఏది దారి?

మిరుగు కార్తెలో పత్తి గింజ పెట్టాక వాన రెండు వారాలు ముఖం చాటేసిందంటే వరంగల్, భూపాలపల్లి పల్లెల్లో ఏ అరుగు మీద చూసినా ఒకటే చర్చ. చేనంతా చెడగొట్టి మళ్లీ విత్తాలా, మొలిచిన మొక్కను కాపాడుకుంటూ మొలవని చోట పోగుంటలు నింపుకోవాలా? చెడగొడితే విత్తనం ఖర్చు, కూలి ఖర్చు మళ్లీ మొదటికొస్తాయి, అదునూ దాటిపోతుంది. ఆగితే పలచగా మొలిచిన చేనుతోనే పంటకాలమంతా నెట్టుకురావాలి. ఏది తప్పో తెలిసేసరికి దసరా వస్తుంది.

వరుసగా ఓడుతున్న బాస్కెట్‌బాల్ జట్టును నడిపేవాళ్ల ముందున్నదీ ఇదే ప్రశ్న. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో జట్టు యజమానికైనా, హనుమకొండలో కాలేజీ జట్టును చూసుకునే పీడీకైనా, కరీంనగర్‌లో అండర్-17 పిల్లల్ని సెలెక్షన్స్‌కు తీసుకెళ్లే పీఈటీకైనా ఏదో ఒకరోజు ఇది ఎదురవుతుంది. ఉన్నవాళ్లను పక్కనపెట్టి కొత్తగా మొదలుపెట్టడమా, ఓడినా సరే ఈ పిల్లల్నే ఆడనిస్తూ ఎదిగేదాకా ఆగడమా? గత పదేళ్ల ఎన్‌బీఏ అనుభవాన్ని దగ్గర పెట్టుకుని చూస్తే, ఎదగని జట్లలో చాలావాటికి జబ్బు పిల్లల చుట్టూ ఉందే తప్ప పిల్లల్లో లేదనిపిస్తుంది. ఉత్తర తెలంగాణ కోర్టుల మీద ఈ మాట ఇంకా గట్టిగా వర్తిస్తుంది. ఎందుకో చెప్పాలంటే ముందు అమెరికా సంగతి చూడాలి.

ఓడితే లాభం వచ్చే లీగ్

ఎన్‌బీఏలో జట్టును కూల్చి కట్టడం ఒక పద్ధతిగా ఎదగడానికి కారణం డ్రాఫ్ట్. ఏటా 30 జట్లు రెండు రౌండ్లలో కొత్త ఆటగాళ్లను ఎంచుకుంటాయి. సీజన్ చివర టైటిల్ కోసం ఆడే ప్లేఆఫ్స్‌కు చేరని 14 జట్ల మధ్య లాటరీ తీస్తారు. బాగా ఓడిన జట్టుకు ముందు వరుస ఎంపిక దక్కే అవకాశం ఎక్కువ. అంటే అక్కడ ఓటమికి వెల ఉంది, ఆ వెలతో రేపటి ఆటగాడిని కొనుక్కోవచ్చు. బలహీనుడికి చేయూతనివ్వాలని పెట్టిన ఈ ఏర్పాటే, కావాలని బలహీనపడే జట్లను తయారుచేసింది.

ఈ దారిలో అందరికన్నా దూరం వెళ్లింది ఫిలడెల్ఫియా సెవెంటీసిక్సర్స్. 2013 మేలో జనరల్ మేనేజర్‌గా వచ్చిన శామ్ హింకీ, జట్టులో పేరున్న గార్డ్ (బంతిని ముందుకు నడిపే ఆటగాడు) జ్రూ హాలిడేను ఆ ఏడాది డ్రాఫ్ట్ రోజునే వదులుకున్నాడు. లెక్క తేలికగా అర్థమయ్యేదే. పట్టిక మధ్యలోనే ఉండిపోయే జట్టుకు గొప్ప ఆటగాడు దొరకడు, కాబట్టి అడుగుకు వెళ్లి అక్కడినుంచి లేవాలి. 82 మ్యాచ్‌ల సీజన్‌లో ఫిలడెల్ఫియా 2013-14లో 19 గెలిచింది, మరుసటి ఏడు 18, ఆ తర్వాత 10. హింకీ 2016 ఏప్రిల్‌లో తప్పుకున్నాడు.

ఆ ఓటములకు ప్రతిఫలం దక్కలేదని అనలేం. 2014లో మూడో ఎంపికగా వచ్చిన జోయెల్ ఎంబీడ్ పాదం గాయంతో రెండు సీజన్లు పూర్తిగా కూర్చున్నా, 2023లో లీగ్ అత్యుత్తమ ఆటగాడయ్యాడు. కానీ 2016లో మొదటి ఎంపిక బెన్ సిమన్స్ ఎక్కడ మొదలయ్యాడో అక్కడే ఆగిపోయాడు. 2017లో మూడో స్థానం నుంచి మొదటి స్థానానికి ఎగబాకేందుకు ఫిలడెల్ఫియా బోస్టన్‌తో ఎంపికలు మార్చుకుని మార్కెల్ ఫుల్ట్స్‌ను తీసుకుంది. అతను ఆ జట్టుకు ఆడింది 33 మ్యాచ్‌లే. అదే మూడో ఎంపికతో బోస్టన్ తీసుకున్న జేసన్ టేటమ్ 2024లో చాంపియన్ జట్టులో ఉన్నాడు. అంత ఓడీ, అంత ఓపిక పట్టీ, 2013 నుంచి 2025 దాకా ఫిలడెల్ఫియా ఒక్కసారి కూడా ప్లేఆఫ్స్ రెండో రౌండ్ దాటలేదు.

ఇక్కడ తప్పు అదృష్టానిదని సరిపెట్టుకోవచ్చు. అది సగమే నిజం. ఆ మూడేళ్లలో జట్టులోకి వచ్చిన పిల్లలకు పక్కన నిలబడి నేర్పే అనుభవజ్ఞులు దాదాపు లేరు. రాత్రికి రాత్రి వచ్చేవాళ్లు, నెలకే వెళ్లేవాళ్లు. బాస్కెట్‌బాల్ ఐదుగురు కలిసి కదిలే ఆట. పక్కవాడు ఎప్పుడు చటుక్కున దిశ మార్చి కట్ చేస్తాడో, ప్రత్యర్థికి అడ్డంగా నిలబడి ఎక్కడ స్క్రీన్ పెడతాడో శరీరానికి అలవాటు కావాలి. మనుషులు మారుతూ ఉంటే ఆ అలవాటు కుదరదు. అలవాటు కుదరని చోట పిల్లవాడు నేర్చుకునేది బంతి దొరికినప్పుడల్లా తానొక్కడే ఏదో చేయాలని. తర్వాత దాన్ని మాన్పించడానికి ఏళ్లు పడుతుంది.

2019లో లీగ్ లాటరీ లెక్కను మార్చింది. అంతకుముందు అట్టడుగు జట్టుకు మొదటి ఎంపిక దక్కే అవకాశం 25 శాతం. మార్పు తర్వాత కింది మూడు జట్లకూ సమానంగా 14 శాతమే. 2023లోనూ 2024లోనూ లీగ్‌లో అందరికన్నా ఎక్కువ ఓడిన డెట్రాయిట్‌కు రెండుసార్లూ దక్కింది ఐదో ఎంపిక. 2025లో 1.8 శాతం అవకాశమున్న డల్లాస్‌కు మొదటి ఎంపిక తగిలింది. చేను చెడగొట్టి వాన కోసం ఆకాశం చూడటానికీ దీనికీ పెద్ద తేడా ఏమీ లేదు.

డెట్రాయిట్ చెప్పిన పాఠం

ఈ మొత్తం చర్చలో ఒక్క ఉదాహరణే చూడాలంటే డెట్రాయిట్ పిస్టన్స్‌ను చూడాలి. 2023-24లో ఆ జట్టు 82లో 14 గెలిచింది. అక్టోబర్ చివర మొదలైన ఓటములు డిసెంబర్ చివరి దాకా ఆగలేదు. వరుసగా 28. ఒకే సీజన్‌లో అంత పొడుగు ఓటముల వరుస అంతకుముందు ఎన్‌బీఏలో ఎవరికీ లేదు. ఆ వరుసలోనే ఒక రాత్రి కేడ్ కనింగ్‌హామ్ 41 పాయింట్లు కొట్టాడు, అయినా జట్టు ఓడింది.

అప్పుడు చేతిలో ఉన్నది పిల్లల జట్టే. కనింగ్‌హామ్ 2021 డ్రాఫ్ట్‌లో మొదటి ఎంపిక. జేడెన్ ఐవీ, జేలెన్ డ్యూరెన్ 2022లో వచ్చారు, ఆసార్ థాంప్సన్ 2023లో. మూడేళ్లుగా ఎదగనిచ్చిన ఫలితం 28 ఓటములైతే, వీళ్లతో కాదు, మళ్లీ మొదలుపెట్టాలి అన్నవాళ్లు తక్కువేమీ లేరు. ఆ మాటలో న్యాయం ఉన్నట్టే కనిపించింది కూడా.

2024 వేసవిలో జట్టు చేసిన పని వేరు. పిల్లలెవరినీ కదపలేదు. ఆరేళ్లకు 7 కోట్ల 85 లక్షల డాలర్ల ఒప్పందంతో తెచ్చుకున్న కోచ్ మాంటీ విలియమ్స్‌ను ఒక్క ఏడాదికే పంపించి, జె.బి. బికర్‌స్టాఫ్‌ను తెచ్చింది. పాలకవర్గంలో ట్రేజన్ లాంగ్డన్ వచ్చాడు. పిల్లల పక్కన నిలబెట్టేందుకు టోబయాస్ హ్యారిస్, టిమ్ హార్డవే జూనియర్, మాలిక్ బీస్లీ వంటి ఆరితేరిన ఆటగాళ్లను తీసుకున్నారు. వీళ్లెవరూ లీగ్‌ను ఏలే తారలు కారు. దూరం నుంచి బంతి వేయగలరు, ఎక్కడ నిలబడాలో తెలుసు, అంతే. 2024-25లో డెట్రాయిట్ 44 గెలిచింది. జనవరి మొదటి రోజున ఐవీ కాలు విరిగి సీజన్‌కు దూరమైనా జట్టు కుంగలేదు. 2019 తర్వాత తొలిసారి ప్లేఆఫ్స్ ఆడింది.

14 నుంచి 44 ఎలా అయ్యాయో అర్థం కావాలంటే కోర్టు మీద ఏం మారిందో చూడాలి. అంతకుముందు ఏడాది కనింగ్‌హామ్ రింగు వైపు దూసుకెళ్తే ప్రత్యర్థులు ముగ్గురు నలుగురు లోపల గుమిగూడేవారు. బయట ఉన్నవాడికి పాస్ ఇచ్చినా అతను వేయలేడని వాళ్లకు ధైర్యం. బయట గురి ఉన్నవాళ్లు ఇద్దరు నిలబడగానే ఆ గుంపు విడిపోయింది. లోపల దారి తెరుచుకుంది. అదే కనింగ్‌హామ్, అదే డ్యూరెన్, అంతకుముందు ఏడాది గోడలా కనిపించిన చోట తలుపు కనిపించింది. ముందటేడు పిల్లలకు ఆట రాదనిపించిన చోట చాలావరకు కొరవడింది ఖాళీ జాగా. ఎదుగుదలను లెక్కగట్టేవాళ్లు ఎక్కువసార్లు పొరపడేది ఇక్కడే.

అలాగని కూల్చడం ఎప్పుడూ తప్పే అనడం సరికాదు. ఓక్లహోమా సిటీ థండర్ 2019 జులైలో పాల్ జార్జ్‌ను ఇచ్చి షే గిల్జస్-అలెగ్జాండర్‌ను, దాంతో పాటు ఎన్నో మొదటి రౌండ్ ఎంపికలను తెచ్చుకుంది. 2020-21లో 72 మ్యాచ్‌ల్లో 22, మరుసటి ఏడు 82లో 24 గెలిచింది. 2021 డిసెంబర్ 2న మెంఫిస్ చేతిలో 152-79తో, 73 పాయింట్ల తేడాతో ఓడింది. లీగ్ చరిత్రలోనే అంత పెద్ద ఓటమి లేదు. 2025 జూన్‌లో అదే జట్టు చాంపియన్. ఇంతకన్నా పెద్ద సాక్ష్యం ఏం కావాలని అడగొచ్చు. కానీ ఈ కథలో రెండు సంగతులను తరచూ మర్చిపోతుంటారు. 2019-20లో షే ఆడింది క్రిస్ పాల్ పక్కన. ఆటను చదవడంలో లీగ్‌లోనే పేరున్న మనిషి పక్కన ఒక పూర్తి సీజన్. ఇక 2020లో కోచ్ అయిన మార్క్ డేనో 24 గెలిచిన ఏడాదీ ఉన్నాడు, 68 గెలిచిన ఏడాదీ ఉన్నాడు. పాత ఆటగాళ్లను వదులుకున్న జట్టు కూడా పిల్లల చుట్టూ ఉన్న రక్షణ గోడను మాత్రం కూల్చలేదు.

డెన్వర్, మిల్వాకీ దారి మరీ నెమ్మదైనది. నికోలా యోకిచ్ 2014లో 41వ ఎంపిక. యానిస్ ఆంటెటోకున్‌పో 2013లో 15వ ఎంపిక; అతను వచ్చిన ఏడాది మిల్వాకీ గెలిచినవి 15, అతని సగటు 6.8 పాయింట్లు. మిల్వాకీకి టైటిల్ వచ్చింది 2021లో. ఎనిమిదేళ్లు.

ఇక్కడి లెక్క వేరు

ఇప్పుడు హనుమకొండకు వద్దాం. ఈ ప్రాంతపు స్కూలు జట్టుకో, కాలేజీ జట్టుకో, జిల్లా జట్టుకో డ్రాఫ్ట్ లేదు. ఓడినందుకు వచ్చే ఏడాది పొడుగు పిల్లవాడిని ఎవరూ బహుమానంగా ఇవ్వరు. అంటే ఎన్‌బీఏలో కూల్చి కట్టడాన్ని సమర్థించే ఒకే ఒక బలమైన కారణం ఇక్కడ అసలు లేదు. మిగిలేది ఆటగాడు ఆడే సమయం ఒక్కటే. దాన్ని ఎవరికి ఎంత పంచాలన్నదే కోచ్ చేతిలో ఉన్న ఆస్తి.

ఆ ఆస్తి ఎంత చిన్నదో లెక్క వేస్తే తెలుస్తుంది. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం మ్యాచ్ పది నిమిషాల చొప్పున నాలుగు క్వార్టర్లు, మొత్తం 40 నిమిషాలు. కోర్టు మీద ఐదుగురు కాబట్టి ఒక మ్యాచ్‌లో పంచడానికి జట్టు దగ్గరున్నవి 200 నిమిషాలు. ఎన్‌బీఏలో ఒక కుర్రవాడు మ్యాచ్‌కు 30 నిమిషాల చొప్పున 82 మ్యాచ్‌లు ఆడితే ఏడాదికి 2,460 నిమిషాలవుతాయి. మన దగ్గర ఏడాదికి పది మంచి మ్యాచ్‌లు దొరికిన పిల్లవాడు ఒక్క క్షణం కూడా బెంచ్ మీద కూర్చోకుండా ఆడినా 400 దాటవు. నాకౌట్ పద్ధతిలో మొదటి మ్యాచ్‌లోనే ఓడితే 40తో సరి. అమెరికా కుర్రవాడు ఒక్క సీజన్‌లో పోగుచేసే అనుభవానికి మన పిల్లవాడికి ఆరేళ్లు కావాలి. ఆరేళ్లు ఎవరి దగ్గరున్నాయి?

ఉండవు. ఎందుకంటే పదో తరగతి తర్వాత ఇంటర్ ఉంది. స్కూల్ గేమ్స్‌లో అండర్-14, అండర్-17, అండర్-19 అని మూడు మెట్లు. మొదటి రెండు మెట్లు ఎక్కిన పిల్లవాడు పదో తరగతి పాసవగానే ఎంపీసీయో బైపీసీయో తీసుకుని రెసిడెన్షియల్ కాలేజీలో చేరతాడు. ఉదయం స్టడీ అవర్‌తో మొదలై రాత్రి స్టడీ అవర్‌తో ముగిసే చోట గ్రౌండ్‌కు తావు లేదు. ఆడపిల్లల విషయంలో ఈ కోత ఇంకా ముందే పడుతుంది. నాలుగేళ్లు కలిసి ఆడిన ఐదుగురిలో ఇద్దరు హైదరాబాద్ వెళ్తారు, ఒకరు హనుమకొండలోనే ఉంటారు కానీ గ్రౌండ్‌కు రారు. ఇక్కడ జట్టును పనిగట్టుకుని కూల్చాల్సిన అవసరమే లేదు. ఏటా జూన్‌లో అడ్మిషన్లే ఆ పని చేసిపెడుతున్నాయి. ఇప్పటికే ఏడాదికోసారి విడిపోయే జట్టును ఓటమి పేరు చెప్పి మరోసారి విడగొడితే మిగిలేదేమిటి?

జిల్లాల విభజన ప్రభావమూ చూడాలి. 2016 అక్టోబర్‌లో పాత వరంగల్ జిల్లా ఐదైంది, 2019లో ములుగు వేరుపడి ఆరైంది. పాత కరీంనగర్, ఆదిలాబాద్, నిజామాబాద్‌లను కూడా కలిపితే ఒకప్పటి నాలుగు జిల్లాలు ఇప్పుడు 16. పాలన దగ్గరికి రావడం మంచిదే, కొత్త జిల్లాల పిల్లలకు అవకాశాలు పెరిగే వీలూ ఉంది. కానీ బాస్కెట్‌బాల్‌కు పన్నెండు మంది కావాలి, అందులో ఇద్దరైనా పొడగరులు కావాలి, ఒక మంచి కోర్టు కావాలి. రైల్వే, సింగరేణి, ఎన్‌టీపీసీ కాలనీలున్న ఊళ్లలో ఆ వసతి కొంత ఉంది. ములుగు, భూపాలపల్లి అడవి పల్లెల్లో రింగే కనిపించదు. ఒకే జట్టుకు సరిపోయే పిల్లల్ని ఆరు జట్లుగా పంచుకుంటే ప్రతి జట్టూ సగం నిండిన జట్టే అవుతుంది. అలాంటి జట్టు ఓడినప్పుడు తప్పు కోర్టు మీదున్న పిల్లలదంటే ఒప్పుకోబుద్ధి కాదు.

ఎదుగుతున్నారో లేదో ఎలా తెలుస్తుంది

‘ఆగండి, ఎదుగుతారు’ అనే మాట అలసత్వానికి ముసుగు కూడా కావచ్చు. ఈ భయం నిజమైనదే. ఎదుగుదలకు కొలత లేకపోతే ఓపిక పేరుతో ఏళ్లు గడిచిపోతాయి. కాబట్టి స్కోరు బోర్డు చెప్పని వాటిని రాసిపెట్టుకోవాలి. ఒక నోటుబుక్కు, రాయడానికి బెంచ్ మీదున్న ఒక పిల్లవాడు చాలు.

మొదటగా చూడాల్సింది టర్నోవర్లు, అంటే షాట్ వేయకుండానే బంతిని పోగొట్టుకోవడం. ప్రత్యర్థి కోర్టు పొడవునా వెంటాడి అడ్డుకుంటూ ప్రెస్ వేసినప్పుడు ఎనిమిది సెకన్లలో బంతిని సగం గీత దాటించగలుగుతున్నారా? జిల్లా స్థాయి మ్యాచ్‌లు సగం ఇక్కడే పోతాయి. జూన్‌లో మ్యాచ్‌కు 30 సార్లు బంతి పోగొట్టుకున్న జట్టు నవంబర్‌లో 18 సార్లు పోగొట్టుకుంటే, రెండు మ్యాచ్‌లూ ఓడినా సరే, ఆ పిల్లలు ఎదిగారు. ఏ ప్రత్యర్థి చేతిలో 40 పాయింట్ల తేడాతో ఓడారో, ఆర్నెల్లకు అదే ప్రత్యర్థి చేతిలో 15 తేడాతో ఓడితే పట్టికలో రెండూ ఓటములే. కోచ్ నోటుబుక్కులో మాత్రం కావు.

తర్వాత ఫ్రీ త్రోలు. ఎవరూ అడ్డం రాని చోట, రింగుకు ఎదురుగా నిలబడి వేసే బంతి అది. అక్కడ మెరుగుపడని ఆటగాడు సాధన చేయడం లేదని అర్థం. ఈ ఒక్క లెక్కలో సాకులకు చోటుండదు. ఆపై రింగు దగ్గరికి దూసుకెళ్లి ఎడమ చేత్తో వేసే లేఅప్, ప్రత్యర్థి షాట్ తప్పినప్పుడు వెనక్కి తిరిగి తన మనిషిని అడ్డుకునే అలవాటు, నాలుగో ఫౌల్ తర్వాత ఆట మార్చుకునే తెలివి. ఐదో ఫౌల్‌కు బయటికి వెళ్లిపోవాలి కాబట్టి ఆ చివరిది వయసుతో వచ్చే గుణం. పిల్లలకు అది లేకపోవడం నేరం కాదు. ఏడాది తర్వాత కూడా రాకపోతే మాత్రం ఆలోచించాలి.

ఒక్క లెక్కను మాత్రం తొందరపడి వేయకూడదు, అది ఎత్తు. పద్నాలుగేళ్లకు పొట్టిగా ఉన్నాడని పక్కనపెట్టిన పిల్లవాడు పదిహేడేళ్లకు తలుపు చట్రం తాకవచ్చు. ఆంథొనీ డేవిస్ హైస్కూల్ మొదట్లో గార్డ్‌గా ఆడాడు, ఆ తర్వాత ఒక్కసారిగా పొడవు సాగాడు, 2012 డ్రాఫ్ట్‌లో మొదటి ఎంపికయ్యాడు. గార్డ్‌గా ఉన్నప్పుడు అబ్బిన డ్రిబ్లింగ్ పొడుగయ్యాకా చేతిలోనే ఉంది. పొడగరిని మొదటి రోజు నుంచే రింగు కింద నిలబెట్టి, బంతిని నేలకు తాకించనివ్వని మన అలవాటు ఎందరి ఆటను అక్కడే ఆపేసిందో ఆలోచిస్తే బాధ కలుగుతుంది.

పోగుంటలు నింపడం అంటే

ఇంత చెప్పాక, ఓడుతున్న జట్టుకు చేయాల్సింది ఏమీ లేదని కాదు. పిల్లల పక్కన ఒకరిద్దరు ముదురు ఆటగాళ్లను నిలబెట్టడం మొదటిది. స్కూలు జట్టులో వయసు నిబంధన వల్ల మ్యాచ్‌లో అది కుదరదు, కానీ సాధనలో కుదురుతుంది. కాకతీయ యూనివర్సిటీ కాలేజీల్లో ఆడేవాళ్లు, నిట్ హాస్టల్ పిల్లలు, కాజీపేట రైల్వే ఉద్యోగులు వారానికి రెండు సాయంత్రాలు అండర్-17 పిల్లలతో కలిసి ఆడితే చాలు. తనకన్నా బలమైనవాడు ఒంటికి ఒళ్లు తాకించి అడ్డుకున్నప్పుడు నేర్చుకునేది, తోటివాడితో వంద గంటలు ఆడినా రాదు. అక్కడ మాటలూ నేర్చుకుంటారు. ‘ఎడమవైపు స్క్రీన్ వస్తోంది’ అని అరవడం సీనియర్ నోటినుంచి విన్నాకే పిల్లలకు అలవాటవుతుంది.

రెండోది నిమిషాలు పెంచడం. కాజీపేట నుంచి రామగుండం, మంచిర్యాల రైలు దారిలోనే ఉన్నాయి. నెలకో ఆదివారం స్నేహపూర్వక మ్యాచ్ పెట్టుకుంటే ఏడాదికి పన్నెండు, అంటే ఇప్పుడున్న నిమిషాలకు రెట్టింపు. అదీ కుదరని చోట త్రీ ఆన్ త్రీ ఉంది. సగం కోర్టు, ఒక రింగు, ముగ్గురు ముగ్గురు, పది నిమిషాలు లేదా 21 పాయింట్లు. టోక్యో నుంచి ఒలింపిక్స్‌లోనూ ఉంది. ఐదుగురి ఆటలో మూలకు నిలబడి దాక్కునే పిల్లవాడికి ఇందులో దాక్కునే చోటు లేదు, బంతి అందరి చేతికీ వస్తుంది. పన్నెండు మంది దొరకని కొత్త జిల్లాకు ఇంతకన్నా చక్కని ఆట మరొకటి లేదు.

మూడోది కోచ్‌ను నిలపడం. ఏడాదికో పీఈటీ బదిలీ అయ్యే చోట పిల్లలు ఎదగలేదని అనడం, నారు పోసినవాడొకడు నాటు వేసినవాడొకడు అయిన పొలంలో దిగుబడి అడగడం లాంటిది. డెట్రాయిట్ కోచ్‌ను మార్చే కదా బాగుపడింది అని ఎవరైనా అడగవచ్చు. నిజమే, ఒకసారి మార్చింది. 2006 తర్వాత వరుసగా 16 సీజన్లు ప్లేఆఫ్స్ మొహం చూడని శాక్రమెంటో ఆ కాలమంతా కోచ్‌లను మారుస్తూనే ఉంది.

ఒక్క తారను కొనడం కన్నా ఉన్నవాళ్లను నిలబెట్టుకోవడమే మేలనడానికి మన తెలుగు జట్లలోనూ సాక్ష్యాలున్నాయి. ప్రొ కబడ్డీలో తెలుగు టైటాన్స్ 8వ సీజన్‌లో 22 మ్యాచ్‌లకు 1, 9వ సీజన్‌లో 2 గెలిచింది. 10వ సీజన్‌కు 2 కోట్ల 60.5 లక్షలు పెట్టి పవన్ సెహ్రావత్‌ను తెచ్చుకుంది, అప్పటికి లీగ్‌లో అంత ధర ఎవరూ పలకలేదు. ఆ ఏడాదీ గెలిచింది 2. ఐపీఎల్‌లో సన్‌రైజర్స్ హైదరాబాద్ 2023లో అట్టడుగున నిలిచి, 2024లో ఫైనల్ ఆడింది. ప్యాట్ కమిన్స్, ట్రావిస్ హెడ్ వచ్చారు నిజమే. కానీ ఆ ఏడాది 484 పరుగులు చేసిన అభిషేక్ శర్మ 2019 నుంచీ జట్టుతో ఉన్నవాడు. 20 లక్షలకు తీసుకున్న నితీశ్ కుమార్ రెడ్డి అంతకుముందు ఏడాదే వచ్చినవాడు. మొలిచిన మొక్కను పీకలేదు, ఖాళీ చోట బలమైన మొక్క పెట్టారు.

కూల్చక తప్పని సందర్భం ఒకటుంది. సీనియర్ల ఆట తగ్గుతూ, వాళ్లవల్ల పిల్లలకు నిమిషాలు అందకుండా పోతున్నప్పుడు. కాలేజీ జట్టులో ఇది మూడో సంవత్సరం ఆటగాళ్ల రూపంలో కనిపిస్తుంది. కెప్టెన్ అనే గౌరవంతో, ‘అన్న’ను బెంచ్ మీద ఎలా కూర్చోబెడతామన్న మొహమాటంతో, సాధనకు రానివాళ్లను కూడా మొదటి ఐదుగురిలో ఆడిస్తుంటారు. అక్కడ కోత తప్పదు. జట్టును నడిపేవాళ్లలో ఈ మొహమాటం లేకపోతే సగం జట్లకు పునర్నిర్మాణం అనే మాటే అవసరం రాదు.

ఓపికకు గడువు ఎంత? నిజామాబాద్ నిఖత్ జరీన్ 2011లో అంతల్యాలో జూనియర్ ప్రపంచ చాంపియన్ అయింది. 2017లో భుజం గాయం. సీనియర్ ప్రపంచ టైటిల్ 2022లో ఇస్తాంబుల్‌లో వచ్చింది, 2023లో ఢిల్లీలో మళ్లీ గెలిచింది. మొదటి పతకానికీ ఆ పతకానికీ మధ్య 11 ఏళ్లు. ఆమెది ఒంటరి ఆట, ఎవరి నిమిషాలూ ఎవరూ తీసుకోరు. జట్టు ఆటలో 11 ఏళ్లు ఎవరూ ఇవ్వలేరు. కానీ ఎనిమిదో తరగతిలో తీసుకున్న పిల్లవాడికి ఇంటర్ రెండో సంవత్సరం దాకా ఐదేళ్లు ఉంటాయి. అందులో మూడేళ్లు ఒకే కోచ్, ఒకే తోటివాళ్లు దొరికితే, ఆ మూడేళ్ల చివర తీర్పు చెప్పడం న్యాయం. మొదటి ఏడాది ఓటమి చూసి చెప్పేది తీర్పు కాదు.

ఇదంతా చివరికి తేలేది సెలెక్షన్స్ రోజున, పన్నెండో పేరు దగ్గర. పదకొండు మంది పేర్లు రాయడం ఎవరికైనా తేలికే. మిగిలిన ఒక్క చోటుకు ఇద్దరుంటారు. ఒకడు ఈ ఏడాదే వయసు దాటే కుర్రవాడు, మ్యాచ్‌కు నాలుగు పాయింట్లు ఖాయంగా వేస్తాడు. ఇంకొకడు పర్వతగిరి వైపు నుంచి వచ్చిన తొమ్మిదో తరగతి పిల్లవాడు, కాళ్లు పొడుగు, చేతులు ఇంకా కుదురుకోలేదు, ఇంకో రెండేళ్లు ఆడగలడు. వరుసగా ఓడుతున్న జట్టు ఆ నాలుగు పాయింట్లతో గట్టెక్కదు. ఆ చోటు తొమ్మిదో తరగతి పిల్లవాడికి ఇవ్వాలి. ఇచ్చాక స్టేట్ మీట్‌లో అతన్ని బెంచ్ మీదే కూర్చోబెట్టి తీసుకురాకూడదు. 30 పాయింట్ల తేడాతో వెనకబడిన నాలుగో క్వార్టర్‌లో పది నిమిషాలూ ఆడనివ్వాలి.